పెనం మీద గాలి

కంటి ఆపరేషనైన పదో నాటి రాత్రి
చెంగల్రాయుడు ఫోన్ చేసినాడు.
"అమ్మా, ఆస్పత్రి అమ్మేనా?
మీరు పెట్టిన అద్దం వదులుగా ఉండాది.
చుక్కలన్నీ వణకతా ఉండాయి."

నేను డాక్టర్ని కాను.
అక్షరాల పలక ముందు జనాన్ని కూర్చోబెట్టి
ఒక కన్ను మూయించి
ఇది చదవండి, ఇది? అని అడిగేదాన్ని.
చదువు రానోళ్లను
మూడు వేళ్ల గుర్తు ఏ పక్కకు తిరిగిందో
చేత్తో చూపమనేదాన్ని.
చుక్కలకు మా దగ్గర పలక లేదు.

మర్నాడు పొద్దు వాలినాక
తిరపతి నుంచి బండేసుకొని పోయినా.
చంద్రగిరి దాటి, పాకాల దారిలో,
గాదంకి రాడార్ కంచెకు ఇవతల
వాళ్ల చెరుకు తోట.
గానుగ ఆగింది గానీ పెనం ఉడకతానే ఉంది.
మొగిలమ్మ పొయ్యిలోకి పిప్పి తోస్తా ఉంది.

"పొగ దగ్గరికి పోవద్దన్నా కదయ్యా."
"యాడికి పోయినా? చూడు,
నల్లద్దాలు పెట్టుకొని ఇంత దూరాన
కొత్త పెండ్లికొడుకు మాదిరి మంచంమీదుండా."

టార్చి వేసి చూసినా.
పొదుగు మీది కోడిపెట్ట మాదిరి
అద్దం దాని చోట అది కదలకుండా ఉంది.
"బాగుండాది పెద్దాయనా."
"అట్లయితే చుక్కలు చెడిపోయినాయా?"

నవ్వబోయి ఆగినా.
ఆరేండ్లుగా ఆయనకు ఆకాశమంటే
విరిగిన పాల తెలుపు, అంతే.
తిరిగొచ్చినవి కుదురుగా ఉండాలనుకుంటే
తప్పేముంది.

అంతలో ఆయనే మాట ఆపినాడు.
పెనం అవతలికి చూస్తా ఉన్నాడు.
వేడి మడతలు మడతలుగా లేస్తా ఉంది.
దాని వెనక
గుంజకు కట్టిన బల్బు వణికింది,
మొగిలమ్మ ముక్కుపుడక వణికింది.
ఆయన లేచి నాలుగడుగులు పక్కకు జరిగినాడు.
పుడక నిలిచింది.
వెనక్కి వచ్చినాడు. వణికింది.
మళ్లీ జరిగినాడు.

"ఏందయ్యా, పిల్లోడి ఆటలు?"
"నువ్వు కదలొద్దు."
"నేనేం కదిల్నా? పొద్దున్నుంచి ఈడ్నే ఉండా."

"అదే అమ్మా" అన్నాడు నాతో,
"నీళ్లలో బెల్లమేస్తే
అడుగున తీగలు తీగలుగా సాగతాదే,
అట్ల.
వేడిగాలీ చల్లగాలీ కలవకుండా తిరగతా ఉంటే
ఆ నడిమధ్య వెలుగు ఒక్కోసారి ఒక్కో పక్కకు ఒరగతాది.
చుక్క దాని చోట అది ఉంటాది."

"పైన పొయ్యి ఎవరు పెట్టినారు?"
చెప్పుకాలితో నేలను తన్ని చూపించినాడు.
పగలంతా ఎండ తాగిన నేల,
ఇంకా వెచ్చగానే ఉంది.

పడమట శుక్రుడు
గోడకు కొట్టిన మేకు మాదిరి ఉన్నాడు.
"మరి అది?" అన్నా. ఈసారి నిజంగానే
తెలుసుకోవాలని.
ఆయనకు తెలియదు. చాలాసేపు ఏమీ అనలేదు.
పాకం బుడగలు చిన్నవైనాయి.
అప్పుడు మెల్లగా:
"దాని పుడక వణికింది. మొగం వణకలే.
మొగానికి చోటుంది గదా,
ఒక పక్క చెదిరినా ఇంకో పక్క నిలబడతాది.
చుక్కలు మరీ దూరం. పుడకంతే కనపడతాయి.
శుక్రుడు దగ్గరోడు."

కంచె అవతల
రాడార్ పిల్లోళ్లు తెల్ల బుడగొకటి వదిలినారు.
పైగాలి ఎట్ల పారతాదో కొలుస్తారంట.
"నన్నడగొచ్చు గదా" అన్నాడు చెంగల్రాయుడు.

కార్డులో "చూపు బాగుంది" అని రాసినా.
ఫిర్యాదు అనే గడిలో
పెన్ను పెట్టి, తీసేసినా.

తిరుగుదారిలో చంద్రగిరి దగ్గర బండాపి చూస్తే
దూరాన కొండదారి దీపాలు
వరసగా వణుకుతా ఉన్నాయి.
అలవాటుగా ఒక కన్ను అరచేత్తో మూసినా,
తర్వాత రెండోది.
సంచిలో, మొగిలమ్మ ఆకులో చుట్టిచ్చిన బెల్లం
ఇంకా వేడిగా ఉంది.